నల్లబల్ల మీద శనివారం

ప్రతి నెలా ఒకటో తారీకున
గేటు పక్క నల్లబల్ల నాది.
తడిగుడ్డతో పోయిన నెలని తుడిచేస్తాను.
జీడిమామిడి పురుగు మీద ఉపన్యాసం, పిల్లల క్విజ్జు,
రానే రాని ఓ పెద్దమనిషికి రాసిన స్వాగతం,
అన్నీ తెల్లనీళ్ళయి మోచేతి దాకా కారతాయి.

కవిటి కొబ్బరాకుల సందుల్లోంచి
ఎండ ముక్కలు ముక్కలుగా బల్ల మీద పడుతుంది.
పూర్వం లారీల వెనక, బడ్డీల మీద రాసేవాణ్ణి.
ఇప్పుడు పరిశోధన సంస్థలో అటెండర్ని,
జీతం కాక నెలకో సుద్దముక్కల పెట్టె.

ఈ నెల:

బుధవారం మధ్యాహ్నం మూడు గంటలకి
ఉద్దానం నేల కింది నీరు, క్రియాటినిన్,
పదకొండేళ్ళ పరిశీలన.
భువనేశ్వర్ నుంచి డాక్టర్ శుభశ్రీ మహాపాత్ర.

క్రియాటినిన్ దగ్గర సుద్దముక్క విరిగింది.
నా రాతలో తప్పులు దిద్దే డైరెక్టరుగారికి
ఆ ఒక్క మాటతో పని పడలేదు.
మా వీధిలో పలకా బలపం పట్టని ముసలమ్మలు కూడా
వంకాయల ధర చెప్పినట్టు చెబుతారు:
"మా గుంటడికి ఆరు పాయింటు రెండు."

గురువారం బడిపిల్లలకి సూక్ష్మదర్శిని.
ఎవరి సీసాలో నీళ్ళు వాళ్ళే తెచ్చుకోవాలి.

శుక్రవారం సాయంత్రం ఆరింటికి
వార్షికోత్సవం. తప్పెటగుళ్ళు.
ఉలాల కూర్మయ్య బృందం.
చుట్టూ గజ్జెలు గీశాను, అది సొంత తెలివి.

గీత ఆరకముందే కూర్మయ్య వచ్చాడు,
ఇంత ఉక్కలోనూ పొడుగు చేతుల చొక్కా.
స్టేజీ ఎన్ని అడుగులో అడిగాడు,
బల్లలు ఊగుతాయా అని అడిగాడు,
తర్వాత గొంతు తగ్గించి,
"మంగళారం, శుక్కురారం మిషను కాడుంటాను డిల్లేసూ.
దిగినాక ఆ పూట గుడ్డపేలికనే.
శనోరమైతే గెంతగల్ను."

డైరెక్టరుగారి గదికెళ్ళి చెప్పాను,
మైకుసెట్టువాడు శుక్రవారం పెళ్ళికి పోతాడట సార్.
ఇరవై రెండేళ్ళ సర్వీసులో
సుద్దపొడి అంత అబద్ధం.
"మేడంగారి రైలు శుక్రవారం రాత్రికే,
పాపం, చూడలేరు" అన్నారాయన పెన్నుమూత నములుతూ.

బుధవారం తెర మీద ఆవిడ చూపించే చుక్కల్లో
ఓ చుక్క కూర్మయ్య.
రక్తం తీసిన రోజు గొట్టానికి చీటీ అంటించింది నేనే,
నూట నలభై ఏడు.
ఆ చుక్క కాళ్ళకి గజ్జె కట్టి
రొమ్ము మీది తప్పెట వాయిస్తూ
మనిషి భుజమ్మీద మనిషై లేచి నిలబడితే
ఎలాగుంటుందో ఆ తెర మీద రాదు.
టికెట్టు మార్చుకోమని అడగడం నా పని కాదు.
అడుగుతాను.

శుక్ర తుడిచి శని రాశాను.
ఏటవాలు ఎండకి
శని కింద శుక్ర ఇంకా కనిపిస్తూనే ఉంది.

కూర్మయ్య కదల్లేదు.
"నా పేరేది?"
చూపించాను. వేలితో తడుముకున్నాడు,
కూ తోక కొంచెం చెరిగి వేలికంటింది.
"మరి పైనున్న బుధవారందేటి?"
చెప్పాను.
"అంటే మా రగతం మాటేనా?"
మీదే.
"మమ్మల్ని రానిస్తారేటి?"

బల్ల అడుగున ప్రతి నెలా ఓ వరుస రాస్తాను,
ఇంటి నంబరు రాసినట్టు, తల ఎత్తకుండా.
అందరూ ఆహ్వానితులే.
ఎవరూ ఎప్పుడూ దాని గురించి అడగలేదు.
ఇవాళ పైకి చదివాను,
నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అలగైతే తువ్వాలు ఉతుక్కోవాల" అన్నాడు.
చొక్కా చెయ్యి మణికట్టు దాకా లాక్కుని
తోటల దారి పట్టాడు.

నేను కొత్త సుద్దముక్క తీసి
అడుగు వరుస మళ్ళీ దిద్దాను, లావుగా.
చోటు మిగిలితే
టీ ఉంటుంది అని కూడా రాశాను.